రామలింగం వాహనశాస్త్రం

నయాపూల్‌కు కూతవేటు దూరంలో పూజా సామగ్రి టోకు వ్యాపారం చేసే రామలింగం రెండు విషయాలను ఎవరితోనూ చర్చకు పెట్టడు. ఒకటి, తన దుకాణంలో అమ్మే ఊదు స్వచ్ఛత. రెండు, కారు గురించి తనకున్న జ్ఞానం. మొదటిదాన్ని ఇప్పటిదాకా ఎవరూ ప్రశ్నించలేదు. రెండోదాన్ని ప్రశ్నించేవాళ్లు సొంత ఇంట్లోనే ఇద్దరున్నారు కాబట్టి దాన్ని ఆయన చట్టం చేసేశాడు.

ఆయనకు యాభై తొమ్మిదేళ్లు. ఇల్లు సైదాబాద్‌లో. కారుకు పద్నాలుగేళ్లు, తెల్లది, చిన్నది, ఇంటిల్లిపాదిలోకీ ఎదురు మాట్లాడనిది అదొక్కటే.

ఉదయం ఎనిమిదిన్నరకు ఆ వీధిలో ఏం జరుగుతుందో అక్కడి కుక్కలకు కూడా తెలుసు. రామలింగం మేడ దిగుతాడు. చెప్పులు విడిచి కారులో కూర్చుంటాడు. తాళంచెవి తిప్పుతాడు. ఆ తర్వాత పది నిమిషాలపాటు ఏమీ జరగదు. ఇంజన్ నడుస్తుంది, కారు నడవదు. రాత్రంతా అడుగున పడుకున్న ఆయిల్ మెల్లగా లేచి, ఒళ్లు విరుచుకుని, ఇంజన్‌లోని సకల అవయవాలకూ పాకడాన్ని ఆయన కళ్లు మూసుకుని దర్శిస్తాడు. ఆ పదిలో ఒక్క నిమిషం తగ్గినా ఇంజన్ ఆయుష్షులో ఒక నెల తగ్గుతుందని ఆయన సిద్ధాంతం. ఇది ఎక్కడిదని అడిగితే “అనుభవం” అంటాడు. ఆ మాట అన్నాక ఎవరూ మరేమీ అడగరని కూడా ఆయనకు అనుభవమే.

కారు కదిలాక శాస్త్రం మరింత లోతుకు వెళుతుంది. రోడ్డు దిగుడుగా కనబడితే గేరు తీసి న్యూట్రల్‌లో పడేయాలి. అక్కణ్ణించి కారు పెట్రోల్ తాగకుండా కేవలం భూమాత దయ మీద వెళుతుంది. టైర్లలో గాలి కంపెనీ చెప్పినదానికన్నా నాలుగు పాయింట్లు ఎక్కువ కొట్టించాలి; కంపెనీవాళ్లు టైర్లు అమ్ముకునేవాళ్లు, నిజం ఎందుకు చెబుతారు? ఏసీ సగం పెట్రోల్ తాగుతుంది, దాని పంఖా బ్యాటరీని తాగుతుంది. అందుకని కారు కొన్న రోజు షోరూంవాళ్లు ఒకసారి వేసి చూపించిన ఏసీ మీటను ఆయన మళ్లీ ముట్టలేదు, ఇంకొకర్ని ముట్టనివ్వలేదు. ఇక చౌరస్తాలో నేరుగా పోదలచుకుంటే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగించాలి. ఎడమకు ఎడమది, కుడికి కుడిది, నేరుగా అంటే అన్నీ. ఇంత తర్కం ఉన్న నియమం ట్రాఫిక్ పుస్తకాల్లో ఎందుకు లేదో ఆయనకు ఎప్పటికీ అర్థం కాలేదు.

నిజానికి ఈ సూత్రాల్లో చాలావరకు ఆయన సొంత కల్పన కాదు. తండ్రిగారి స్కూటర్ నుంచి వారసత్వంగా వచ్చినవి. ఆ స్కూటర్‌ను కుడివైపుకు వంచి, చోక్ గుంజి, నాలుగు తన్నులు తన్ని, అది దగ్గుతూ లేచాక కాసేపు బతిమాలితేనే గాని బండి కదిలేది కాదు. ఆ కాలానికి ఆ విద్య సరైనదే. బండ్లు మారాయి, విద్య మారలేదు. అవి అబద్ధాలు కావు. పదవీ విరమణ చేసినా ఆఫీసుకు రావడం మానని నిజాలు.

ఈ శాస్త్రంలో ఒక్క అంశం మాత్రం పూర్తిగా రామలింగం స్వంతం. ప్రతి గురువారం సాయంత్రం దుకాణం మూశాక ఆయన కారుకు ఊదు పొగ వేస్తాడు. దుకాణానికి వేస్తారు, గల్లాపెట్టెకు వేస్తారు, మరి రోజూ మోసుకొచ్చే కారు ఏం పాపం చేసింది? ఇత్తడి పళ్లెంలో ధూపదాని పెట్టి, నిప్పుల మీద గుప్పెడు ఊదు చల్లి, కారు చుట్టూ మూడుసార్లు తిప్పి, చివరికి ముందద్దం కింద నల్లటి జాలీ ఉన్నచోట బానెట్ అంచున పళ్లెం ఆనించి, విసనకర్రతో అద్దం వైపు విసురుతాడు. పొగ దట్టంగా లేచి కారును కమ్ముకుంటుంది. జాలీ మీద నాలుగు అక్షింతలు, రెండు మల్లెలు, ఒక కర్పూరం బిళ్ల. పద్నాలుగేళ్లలో ఒక్క గురువారం తప్పలేదు. కారు ఇంతకాలం నడవడానికి కారణం ఏమిటని ఎవరైనా అడిగితే ఆయన పది నిమిషాల పేరు ముందు చెప్పి, ఊదు పేరు తర్వాత చెబుతాడు. మెకానిక్ పేరు అసలు చెప్పడు.

ఇలాంటి ఇంట్లో హరిచందన డ్రైవింగ్ నేర్చుకుంది.

హరిచందన ఆయన ఒక్కగానొక్క కూతురు. ఫిజియోథెరపిస్టు. పాతబస్తీ గల్లీల్లో ఇళ్లకు వెళ్లి, నొప్పితో మూలిగే మోకాళ్ల చేతా భుజాల చేతా కసరత్తు చేయిస్తుంది. చేతిలో కరెంటు మిషన్ల సంచీ ఉంటుంది. దాన్ని భుజాన వేసుకుని ఆటోలు పట్టుకుని తిరిగీ తిరిగీ, పేషెంట్ల భుజాలు బాగుపడుతున్న కొద్దీ ఆమె భుజం పాడవుతోంది. “లైసెన్స్ తెచ్చుకో, కారు నీదే. నన్ను దుకాణం కాడ దింపి పో,” అని రామలింగం మాటిచ్చాడు. మాట మీద నిలబడే మనిషి. కాకపోతే తన శాస్త్రం మొత్తం కూడా వెంట ఇచ్చాడు.

మొదటిసారి పరీక్షలో ఆమె చౌరస్తాలో నేరుగా వెళుతూ నాలుగు ఇండికేటర్లూ వెలిగించింది. పక్కన కూర్చున్న అధికారి “బండి ఖరాబైందా అమ్మా?” అని అడిగాడు. లేదండి, నేరుగా పోతున్న అంది. ఆయన కాగితం మీద ఏదో రాసి, మళ్లీ నెల తర్వాత రమ్మన్నాడు. ఆ సాయంత్రం రామలింగం కూతురిని ఓదార్చాడు: “ఆయనకు తెల్వదు బిడ్డా. కొత్తగ వచ్చి ఉంటడు.” రెండోసారి ఆమె తండ్రి చెప్పినవన్నీ మరచిపోయి వెళ్లింది. పాసైంది.

ఇది జరిగి రెండు వారాలు కాలేదు. ఆషాఢం చివర, ఒక బుధవారం పొద్దున తొమ్మిది అవుతుండగా హరిచందన సంచీ వెనక సీటులో పడేసి, స్టీరింగ్ ముందు కూర్చుని, తాళంచెవి తిప్పింది.

“కూసో బాపు. పత్తర్‌గట్టీల పేషెంటు ఉన్నడు. లేటైంది.”

“పది నిముషాలు,” అన్నాడు రామలింగం, వాచీ చూసుకుంటూ.

“నిన్న గూడ గంతే అన్నవ్. పాపం ఆ పెద్దమనిషి మోకాలు పట్టుకొని గడప కాడ కూసున్నడు నా కోసం.”

“మోకాలు ఆగుతది బిడ్డా. ఇంజన్ ఆగది.”

“కూసుంటవా, ఆటోల వస్తవా?”

రామలింగం కూర్చున్నాడు. తలుపు వేసుకునేలోపే కారు కదిలింది. పద్నాలుగేళ్ల చరిత్రలో అది పది నిమిషాలు ఆగకుండా కదలడం అదే మొదలు. ఆయన పాడె ముందు నడిచే మనిషి ఎలా ఉంటాడో అలా ముందుకే చూస్తూ, ఇంజన్ చప్పుడు వింటూ కూర్చున్నాడు. మలక్‌పేట దాకా మూడుసార్లు “ఇన్నవా?” అన్నాడు. ఏం వినాలో చెప్పలేదు.

మలక్‌పేట దాటేసరికి వాన పట్టుకుంది. కిటికీలు ఎక్కించారు. నయాపూల్ దగ్గరికి వచ్చేసరికి ముందద్దం లోపలివైపు తెల్లగా మంచు కమ్మింది. రామలింగం జేబురుమాలు తీసి, సీటు అంచుకు జరిగి, కూతురి ముఖానికి అడ్డంగా చెయ్యి చాపి అద్దం తుడవడం మొదలుపెట్టాడు. ఇది కూడా శాస్త్రంలో ఉన్నదే.

“బాపు, చెయ్యి తియ్యి. రోడ్డు కనవడ్తలేదు.”

“నేను తుడుస్త, నువ్వు నడువు.”

“పంఖా వేస్తే ఒక్క నిముషంల పోతది. డ్రైవింగ్ స్కూల్ల చెప్పిన్రు.”

ఆయన వద్దనేలోపే ఆమె పంఖా మీటను చివరిదాకా తిప్పింది.

పద్నాలుగేళ్లుగా నోరు మెదపని డ్యాష్‌బోర్డు కన్నాలు ఒక్కసారిగా తమ మనసులో ఉన్నదంతా చెప్పేశాయి. దుక్కు దుక్కుమని ఏదో దగ్గింది. ఆ వెంటనే బూడిద రంగు పొగ భళ్లున వచ్చి కారంతా నిండింది. ఏదో కాలిపోయిన వాసన. మంచు పోవడం మాట అటుంచి, అద్దమే కనబడలేదు.

“ఆపు,” అన్నాడు రామలింగం. అరవలేదు. చావు కబురు చెప్పేటప్పుడు పెద్దలు మాట్లాడే గొంతు అది.

హరిచందన బండిని ఎడమకు లాగి ఆపింది. ఇద్దరూ చెరోవైపు దగ్గుకుంటూ దిగారు. రామలింగం నుదురు, కనుబొమ్మలు, మీసం తెల్లగా అయిపోయి ఉన్నాయి.

“తాళం ఇటియ్యి.”

ఇచ్చింది.

“చెప్పిన. పది నిముషాలు అని చెప్పిన. అడుగున ఉన్న తేల్ పైకి రాకముందే గుంజినవ్, ఇంజన్ కాలింది.” ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నాడు. “ఇగ నువ్వు స్టీరింగ్ ముట్టకు.”

హరిచందన ఆయన సూత్రాలను నవ్వుతూ కొట్టిపారేసిన మనిషే గానీ, ఒక్కరోజు వాటిని తప్పితే కారు కళ్లముందే పొగలు కక్కింది. చిన్నప్పటి నుంచి విన్నదంతా నిజమేనేమోనన్న భయం ఆ వానలో ఆమెకు మొదటిసారి కలిగింది. తండ్రి పద్నాలుగేళ్లు పెంచిన కారును తను రెండు వారాల్లో చంపేసింది. ఇక మళ్లీ సంచీ, మళ్లీ ఆటో. అంతకన్నా బాధ, ఇంకెప్పుడూ ఆయన ముందు ‘నాకు తెలుసు’ అనలేకపోవడం.

వెనక బండ్లు హారన్లు కొట్టడం మొదలైంది.

“బాపు, ఆ నాలుగు లైట్లు వెయ్యి. వెనకోళ్లకు తెల్వాలె.”

“ఎందుకు? మనం నేరుగ పోతలేం గదా.”

ఆ లైట్లు దేనికోసం పుట్టాయో సరిగ్గా ఆ పని పడ్డ రోజున, వాటిని వేయడానికి ఆయన ఒప్పుకోలేదు. హరిచందనే తల లోపలికి పెట్టి నొక్కింది. నిలబడ్డ కారు నేరుగా వెళుతున్నానని నలుగురిలో అబద్ధం చెబుతుంటే రామలింగం తలదించుకున్నాడు.

నయాపూల్‌లో ఒక బండి ఆగితే నలుగురు నిపుణులు పుడతారు. స్కూటర్ మీద పోతున్న ఒకాయన ఆగి, దిగకుండానే, “ఇంజన్ సీజ్ హోగయా సేఠ్. ఇగ తూకానికి అమ్ముకొనుడే,” అని వెళ్లిపోయాడు. గొడుగు పట్టుకున్న ఇంకొకాయన రేడియేటర్ మూత తీసి చల్లనీళ్లు పోయమన్నాడు. వేడి బండికి ఆ పని చేస్తే మూత తీసినవాడి ముఖం ఉడుకుతుందని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. సరుకులు దించి ఖాళీగా వెళుతున్న ట్రాలీ ఆటో నడిపే అంజన్న అనే అతను మాత్రం బండి పక్కకు ఆపి, దిగి, బానెట్ మీద చెయ్యి వేసి చూశాడు.

“పెట్రోల్ గరమైంది సేఠ్. పంపు మీద తడిగుడ్డ ఎయ్యాలె.”

“వానల తడుస్తుంది గదన్నా,” అంది హరిచందన. “ఇంక తడిగుడ్డ ఎందుకు?”

అంజన్న కాసేపు ఆలోచించి, “గది గూడ నిజమే,” అన్నాడు. ఆ ఉదయం నయాపూల్‌లో ఒక మనిషి తన అభిప్రాయం మార్చుకున్న సందర్భం అదొక్కటే. అందుకే కాబోలు రామలింగానికి అతని మీద నమ్మకం కుదిరింది. ట్రాలీలో టార్పాలిన్ కట్టే తాడుంది. దాన్ని కారుకు కట్టారు. ఇంజన్ స్టార్ట్ చేస్తే పేలిపోతుందని రామలింగం తీర్పు చెప్పి, తనే స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కూతురు పక్కన కూర్చుంది. మూసీ వెంట పురానాపూల్ దాకా కారు తాడు చివర ఊగుతూ వెళ్లింది. ఆ దారి పొడుగునా అది న్యూట్రల్‌లోనే ఉంది. ఆ విద్యలో ఆయనకు ఎదురు లేదు.

పురానాపూల్‌లో రేకుల షెడ్డు కింద దస్తగీర్ మెకానిక్ షాపు. దస్తగీర్ సన్నటి మనిషి, కళ్లజోడుకు తాడు కట్టుకుంటాడు, తొందరపడడు. కారు కొన్నప్పటి నుంచీ రామలింగం ఆయన దగ్గరికే వస్తాడు. కారు బాగుచేయించుకోవడానికి అనడం కన్నా, దాన్ని ఎలా బాగుచేయాలో చెప్పడానికి అనడం సరైనది. దస్తగీర్ ప్రతిదానికీ “జీ సేఠ్” అంటాడు. ఆయన వెళ్లిపోయాక చేయవలసింది చేస్తాడు.

తాడు విప్పి అంజన్న వెళ్లిపోయాక దస్తగీర్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

“ఏమైంది సేఠ్?”

“అయిపోయింది దస్తగీర్ భాయ్.”

“ఎవరు?”

“ఇంజన్.”

దస్తగీర్ రామలింగం ముఖంలోకి చూశాడు. నుదుటి మీద, కనుబొమ్మల మీద వానకు తడిసి గీతలు కట్టిన బూడిద. ఏదో అనబోయి, పెద్దమనిషి దుఃఖంలో ఉన్నాడని ఊరుకుని, బానెట్ ఎత్తాడు. ఆయిల్ చూసే కడ్డీ తీసి, తుడిచి, మళ్లీ ముంచి తీశాడు.

“చూసినవా,” అన్నాడు రామలింగం గంభీరంగా. “నల్లగ అయ్యింది. తేల్ మాడింది.”

“తేల్ నల్లగైతది సేఠ్. లోపల మురికి కడుగుడే దాని పని. బట్టలు ఉతికిన నీళ్లు నల్లగ లేకుంటే బట్టలు ఉతకలేదన్నట్టు.” కడ్డీని వేళ్ల మధ్య తడిమాడు. “సరిపోను ఉన్నది. మాడిన వాసన లేదు. తాళం ఇయ్యండి.”

“స్టార్ట్ చేస్తవా?”

“చెయ్యకుంట ఎట్ల తెలుస్తది?”

రామలింగం తాళంచెవి ఇచ్చి, మూడడుగులు వెనక్కి వేసి, షెడ్డు ఇనుప స్తంభం చాటుకు జరిగాడు. కూతురిని కూడా చెయ్యి పట్టి లాగాడు. దస్తగీర్ తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్క తిప్పుకు లేచింది. పేలలేదు. దగ్గలేదు. ఏమీ జరగనట్టు, రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు సైదాబాద్‌లో ఎలా మూలుగుతుందో అలాగే మూలిగింది.

హరిచందన స్తంభం చాటునుంచి బయటికి వచ్చింది.

“పొగ యాడికెళ్లి వచ్చిందమ్మా?” అడిగాడు దస్తగీర్.

“పంఖా వేస్తె వచ్చింది చాచా.”

దస్తగీర్ పంఖా మీట కొంచెమే తిప్పాడు. కన్నాల్లోంచి మళ్లీ సన్నగా బూడిద లేచింది. వెంటనే ఆపేసి, డ్యాష్‌బోర్డు మీద వాలిన బూడిదను వేలితో తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు మూసుకునే ఉన్నాడు.

“సేఠ్, ఇంజన్ కాలితే తేల్ వాసన రావాలె. క్లచ్ కాలితే రబ్బర్ లెక్క వాసన రావాలె. వైరు కాలితే ప్లాస్టిక్ వాసన. ఈడ జుమేరాత్, అంటే గురువారం నాడు దర్గాల వచ్చే వాసన వస్తుంది.”

“ఏం వాసన?”

“ఊదు వాసన సేఠ్. మీకు వస్తలేదా?”

రామలింగం ఒంగి వాసన చూశాడు. ఆయనకు ఏమీ రాలేదు. ముప్పై ఐదేళ్లుగా బస్తాల మధ్య కూర్చున్న ముక్కు అది. హైదరాబాద్‌లో ఊదు వాసన తెలియని ముక్కు ఏదైనా ఉంటే, అది ఊదు అమ్మేవాడిదే.

దస్తగీర్ ఎడమవైపు కూర్చుని, కాగితాలు పెట్టుకునే డ్యాష్‌బోర్డు డబ్బా ఊడదీశాడు. దాని వెనక చెయ్యి పెట్టి, పలకలాంటిదొకటి మెల్లగా, రెండు చేతులతో, పసిపిల్లను తీసినట్టు బయటికి తీశాడు. బయటి గాలిని వడకట్టి లోపలికి పంపే ఫిల్టర్ అది. ఇప్పుడు దాన్ని ఫిల్టర్ అనడం కన్నా చిన్న దేవాలయం అనడం న్యాయం. అంగుళం మందాన తెల్లటి బూడిద. దాంట్లో పసుపు అక్షింతలు. ఎండిన మల్లెలు. సగం కాలిన ఒక అగరువత్తి పుల్ల. మధ్యలో, ఎవరో భక్తితో ప్రతిష్ఠించినట్టు, కరగని కర్పూరం బిళ్ల ఒకటి.

ముగ్గురూ దర్శించుకున్నారు.

“అద్దం కింద నల్ల జాలీ ఉంటది గదా,” అన్నాడు దస్తగీర్. “గాలి దాంట్లకెళ్లే లోపలికి వస్తది. మీరు ఆడ నిప్పుల పళ్లెం పెట్టి విసురుతరు. బూడిద దాంట్ల వడుతది. పంఖా ఎన్నడు వెయ్యరు గనక ఆడనే కూసున్నది. ఇయ్యాల అమ్మ ఏసింది, లేచి వచ్చింది. గంతే.”

“అంటే ఇంజన్‌కు ఏం కాలేదా చాచా?”

“ఇంజన్‌కా? మస్తుగ ఉన్నది. ఫికర్ నక్కో, భయం లేదు.”

“పొద్దున నేను పది నిముషాలు ఆగకుంట తీసిన.” ఆమె తండ్రి వైపు చూడలేదు. నేరం ఒప్పుకునేవాళ్లు జడ్జి వైపు చూడరు.

దస్తగీర్ కళ్లజోడు సర్దుకుని మొదట రామలింగం వైపు చూశాడు. పద్నాలుగేళ్ల మర్యాద ఆయన నాలుక మీద బరువుగా కూర్చుని ఉంది.

“పది నిముషాలు అక్కర లేదమ్మా. అరనిముషం చాలు. తర్వాత జర మెల్లగ నడిపితే నడుసుకుంట నడుసుకుంటనే గరమైతది. చోక్ గుంజే పాత బండ్లకు గది సరే. ఈ బండికి నిలబెట్టి కాల్చుడంటే ఉత్తగ పెట్రోల్ కాల్చుడే, లోపల మసి పట్టుడే.”

రామలింగం అలవాటుగా వాచీ చూసుకున్నాడు.

“పద్నాలుగేండ్ల నుంచి ఒక్కనాడు గూడ చెప్పలేదు గదా నువ్వు,” అన్నాడు రామలింగం చివరికి.

“మీరు ఒక్కనాడు గూడ అడగలేదు సేఠ్. చెప్పిన్రు.”

హరిచందన అక్కడ పడున్న పాత టైరు మీద కూలబడింది. ముందు నవ్వు వచ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుంది, ఆ తర్వాత మళ్లీ నవ్వు వచ్చింది. పొద్దుటి నుంచీ గుండెల మీద కూర్చున్న ఇంజన్‌ను ఎవరో క్రేన్‌తో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. తను దేన్నీ చంపలేదు. ఆ గంటలో తను చేసిందల్లా ఒక అద్దం మీద మంచు పోగొట్టాలనుకోవడం.

రామలింగం ఫిల్టర్ దగ్గరికి వెళ్లి ఒంగాడు. చిటికెడు బూడిద తీసి అరచేతిలో వేసుకుని, బొటనవేలితో రుద్ది, వెలుతురుకేసి పట్టి పరీక్షగా చూశాడు. ముఖం మెల్లగా తేటపడింది.

“చూడు ఎంత తెల్లగున్నదో. జిగట లేదు, మట్టి లేదు. కల్తీ మాల్ అయితే గిట్ల ఉంటదా?”

“నంబర్ వన్ మాల్ సేఠ్,” అన్నాడు దస్తగీర్.

“పద్నాలుగేండ్ల సరుకు ఇది. ఒక్క గురువారం గూడ తేడా లేదు.”

“అందుకే ఫిల్టర్ నిండింది. ఏటేటా మార్చాలని నేను చెప్పిన్నాడు మీరు ఏమన్నరో యాదికున్నదా?”

“ఏమన్న?”

“కంపెనీ దందా అన్నరు.”

రామలింగం బూడిద దులుపుకున్నాడు. ఒక శాస్త్రం కూలిపోతున్నప్పుడు అందులోంచి చేతికందింది తీసుకుని గౌరవంగా బయటపడడం పెద్దల లక్షణం. తన ఊదు స్వచ్ఛమైనదని రుజువైంది. ఇంజన్ బతికే ఉంది. మిగతావి చిన్న విషయాలు.

దస్తగీర్ కొత్త ఫిల్టర్ తెచ్చి వేశాడు, పంఖా లోపల గాలి కొట్టి శుభ్రం చేశాడు. ఏసీ మీట నొక్కి చూసి పెదవి విరిచాడు. ఏళ్ల తరబడి నడపకపోతే దాని గ్యాస్ దానంతటదే పోతుందట. పొదుపు చేయడం వల్ల కూడా వస్తువులు పాడవుతాయన్న వార్త రామలింగానికి కొత్తది. టైర్ల చుట్టూ తిరిగి, అడక్కుండానే ఒక్కోదాంట్లోంచి నాలుగు పాయింట్లు గాలి తీశాడు. రామలింగం చూశాడు, చూడనట్టు వానకేసి తిరిగాడు.

పని అయ్యాక దస్తగీర్ తాళంచెవి ఎవరికివ్వాలో తెలియక పనిముట్ల పెట్టె మీద పెట్టాడు. హరిచందన దానివైపు చూసింది గానీ తీయలేదు. నయాపూల్‌లో విన్న తీర్పు ఇంకా రద్దు కాలేదు. ఆమె వెనక సీటులోంచి సంచీ తీసుకుని భుజాన వేసుకుంది.

“నేను ఆటోల పోత బాపు. ఇప్పటికే గంటన్నర లేటైంది. ఫోన్ చేసి చెప్పిన, పాపం ఆయన గట్లనే కూసున్నడంట.”

రామలింగం తాళంచెవి తీశాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, మొదటిసారి చూస్తున్నట్టు. తర్వాత ఆమె భుజం మీంచి సంచీ తీసి వెనక సీటులో పెట్టి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

“నడువు బిడ్డా. ఇంజన్ ఆగుతది. మోకాలు ఆగది.”

అంతకుమించి ఆయన క్షమాపణ చెప్పలేదు. ఆ ఇంట్లో అంతకుమించి ఎవరూ అడగరు కూడా.

కారు ఎక్కబోతుండగా దస్తగీర్ పిలిచాడు. “సేఠ్, ఒక్క మాట. పెట్రోల్ మాత్రం పొద్దుగాలనే పొయ్యించండి. సల్లగున్నప్పుడు జర ఎక్కువొస్తది.”

రామలింగం ముఖం వెలిగింది. “నేను చెప్తనే ఉంట ఈమెకు.”

బంకుల్లో పెట్రోల్ ట్యాంకులు భూమి లోపల ఉంటాయనీ, అక్కడ పొద్దునకూ మధ్యాహ్నానికీ పెద్ద తేడా ఉండదనీ హరిచందన చెప్పడానికి నోరు తెరిచింది. ఇద్దరు పెద్దమనుషులూ ఒకరినొకరు చూసుకుని తృప్తిగా తలలూపుకోవడం చూసి మూసేసింది. ఒక రోజుకు ఒక శాస్త్రం కూలితే చాలు.

పంఖా నిశ్శబ్దంగా తిరిగింది. అద్దం మీద మంచు ఒక్క నిమిషంలో అంచులకు జరిగి మాయమైంది. చౌరస్తా వచ్చింది. హరిచందన నేరుగా వెళ్లింది, ఏ లైటూ వేయకుండా. రామలింగం చేతులు ఒళ్లో కట్టుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి నాలుగు లైట్ల మీట వైపు ఒకసారి కదిలింది. ఎడమచెయ్యి దాన్ని పట్టుకుంది.

మధ్యాహ్నం రామలింగం ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు భార్య విజయలక్ష్మి జరిగిందంతా విన్నది. ముందు ఎవరికీ ఏమీ కాలేదు కదా అని రెండుసార్లు అడిగింది. కాలేదని నమ్మకం కుదిరాక అన్నం వడ్డిస్తూ, “పొగ పెట్టింది మీరే, పొగ వచ్చిందని పిల్లను తిట్టింది మీరే. జర ఆ మీసం కడుక్కొని కూసోండి, ఇంక తెల్లగనే ఉన్నది,” అంది.

“అది బూడిద కాదు,” అన్నాడు రామలింగం. “వయసు.”

“కడుక్కుంటె తెలుస్తది.”

కడుక్కున్నాడు. సగం పోయింది.

తర్వాతి గురువారం కారుకు ఊదు వేశాడు. మానలేదు. కాకపోతే ఈసారి ధూపదాని పట్టుకుని కారు వెనకవైపు, డిక్కీకి ఆరడుగుల దూరాన నిలబడి, గాలి ఎటు వీస్తోందో వేలు తడుపుకుని చూసుకుని మరీ వేశాడు. కారును ఆశీర్వదిస్తున్నట్టు కాక, ఎవరో పెద్ద ఆఫీసరుకు దూరం నుంచి దండం పెడుతున్నట్టుంది.

శుక్రవారం పొద్దున ఆయనకు దుకాణం సెలవు. అయినా ఎనిమిదిన్నరకు మేడ దిగి వచ్చాడు. హరిచందన సంచీ వెనక సీటులో పెట్టి, తాళం తిప్పి, అరనిమిషం ఆగింది.

“పోనా బాపు?”

“పో.”

కారు వీధి మలుపు తిరిగి వెళ్లిపోయింది. రామలింగం వాచీ చూసుకున్నాడు. ఖాళీగా ఉన్న ఆ చోటు పక్కనే, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. వీధి కుక్కలు వచ్చి, అలవాటుగా కారు కింద పడుకోబోయి, కారు లేదని గమనించి ఆయన కాళ్ల దగ్గరే పడుకున్నాయి. పైనుంచి విజయలక్ష్మి చాయ్ చల్లారుతోందని పిలిచింది.

“వస్తున్న,” అన్నాడు, కదలకుండానే. “పది నిముషాలు.”